చనిపోయినవాడి లాగిన్

బావ చనిపోయిన మర్నాడు ఉదయం ఆయన పేరుతో ఎవరో ఆఫీసు నెట్‌వర్క్‌లోకి లాగిన్ అయ్యారు.

“అది లిఫ్ట్ ప్రమాదం కాదు, హత్య,” అన్నాడు చీఫ్. “నగరంలో ఆసుపత్రులన్నిటికీ కరెంటు సరఫరా చేసే కంపెనీ అది. మీ బావ దాని సెక్యూరిటీ ఇంజనీర్. ఇప్పుడు ఆయన అకౌంట్లో విదేశీ ముఠా కూర్చుంది.”

“ఫైర్‌వాల్ అడ్డుకోలేదా?” అడిగాడు ఏజెంట్. డిపార్ట్‌మెంటులో అందరూ అతన్ని మౌని అంటారు.

“కిక్కురుమనలేదు. పాస్‌వర్డ్ సరైనదే, లాప్‌టాప్ ఆయనదే, కనెక్షన్ మీ అక్కావాళ్ళ ఇంటిదే. ఉద్యోగులంతా ఇళ్ళ నుంచి పనిచేస్తుంటే ఇక గోడ ఎక్కడ కట్టమంటావ్? అకౌంట్ మూస్తే ముఠా జారుకుంటుంది. ముందు మనిషిని పట్టు.”

ఎన్నో వేషాలు వేసిన మౌని ఆ రోజు తమ్ముడి వేషంలో అక్క ఇంటికి వెళ్ళాడు.

అక్క అతని భుజాలు పట్టుకుని కుదిపేసింది. “ఒక్క కన్నీటి చుక్కయినా రాదేంట్రా నీకు? మనిషివేనా?”

ఏడవాలనే అనుకున్నాడు. లోపల ఏదీ కదల్లేదు. చేతి గడియారం చూసుకున్నాడు. చూడ్డానికే గడియారం, నిజానికి వైఫై స్కానర్. బావ లాప్‌టాప్ పడగ్గదిలో పనిచేస్తోంది.

ఆ గది తలుపు తీసుకుని ఒకావిడ వచ్చింది. బూడిదరంగు పట్టుచీర, ఖరీదైన సెంటు. బావ కొలీగ్‌నని అక్కకి చెప్పుకుంది. ముఠాలో ఉంటూ మౌని డిపార్ట్‌మెంటుకి రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్ ఆమె.

“తలనొప్పి మాత్ర ఉందా?” అన్నాడు మౌని.

“ఉంది. కానీ చేదు.”

కోడ్ కలిసింది. పొద్దున బావ పాస్‌వర్డ్ కూడా ఇలాగే కలిసింది.

స్కానర్ మీద ఎర్ర అక్షరాలు పరిగెత్తాయి. ఆసుపత్రులకి కరెంటు ఆపమని లాప్‌టాప్ నుంచి కమాండ్ బయల్దేరుతోంది. మౌని ఫోన్ తీశాడు.

“చీఫ్, బావ తయారుచేసిన కొత్త తనిఖీ ఆన్ చేయించండి. లోపలున్నవాళ్ళని కూడా ప్రతి కమాండ్‌కీ నువ్వెవరని అడిగేది. ఆయన అకౌంట్ తీసేయించండి.”

“మనిషి?”

“దొరికింది.”

హాల్లో ఫ్యాన్ వేగం తగ్గింది. రెక్కలు విడివిడిగా కనిపించాయి. తరువాత మళ్ళీ కలిసిపోయాయి. స్కానర్ మీద ఎర్ర అక్షరాలు ఆగిపోయాయి.

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సూది. మౌని ఆమె మణికట్టు విరిచి పట్టుకున్నాడు.

“కోడ్ సరిగ్గానే చెప్పాగా!”

“చెప్పారు. మీరు వచ్చింది మాత్రం లాప్‌టాప్ ఉన్న గదిలోంచి. బావనెందుకు చంపారు?”

“ఆ తనిఖీ ఇవాళే మొదలుపెడతానన్నాడు. ఎంత చెప్పినా వినలేదు.”

అక్క ఆమె ముఖంలోకి చూసింది. “రాత్రంతా నా తల ఒళ్ళో పెట్టుకుని ఓదార్చిందిరా ఈవిడ.”

ఆవిడకి బేడీలు వేసి మౌని అక్క పక్కన కూర్చున్నాడు. అంతే.

వారం తిరిగేసరికి డిపార్ట్‌మెంటులోనూ అదే తనిఖీ పెట్టారు. మౌని కార్డు చూపించాడు, వేలు ఆనించాడు, ముఖం చూపించాడు. అయినా తెర మీద ప్రశ్న వెలిగింది: మీరెవరు?

మౌని నిజంగానే కాసేపు ఆలోచించాల్సి వచ్చింది.