కళ్ళజోడు మరిచిపోయిన పేర్లు

రేవులో సైరన్ మోగింది. వన్ టౌన్ సందులో పొగమంచు ఇంకా విడలేదేమో, ఆటోల చప్పుడు దూదిలోంచి వస్తున్నట్టుంది. చూపు పోయాక గురువమ్మకి తెల్లవారడమంటే ఈ చప్పుళ్ళే. కొడుకు కొనిచ్చిన, ఎదుట ఎవరున్నారో చూసి చెప్పే మాట్లాడే కళ్ళజోడు పెట్టుకుని అరుగు మీద కూర్చుంది.

వెనక అడుగులు వినిపిస్తే అటు తిరిగింది.

"తెలియని వ్యక్తి," అంది కళ్ళజోడు.

కొడుకు కార్తీక్ ఉలిక్కిపడ్డాడు. "ఏటిది! మొన్నటిదాకా నా పేరు సెప్పీది కదా?"

"నన్నూ అలాగే అందండీ," వంటింట్లోంచి కోడలు చంద్రిక నవ్వింది. "పెళ్ళైన కొత్తలో అత్తయ్య కూడా నన్నలాగే సూసీవారు!"

గురువమ్మ మాత్రల అట్ట ఎత్తి పట్టుకుంది. కళ్ళజోడు పేరూ, తేదీ తడబడకుండా చదివింది. ఎవర్నీ బతిమాలకుండా తన మందు తను వేసుకోవడం ఆమెకి ఎంత హాయో!

"అచ్చరాలు సదువుతంది, మనుసుల్నే మర్సిపోయింది. ఆ షాపోడి సంగతి తేలుత్తాను," అంటూ కార్తీక్ దాన్ని పట్టుకుని మద్దిలపాలెం వెళ్ళాడు.

 నిజం తెలిస్తే వాడు దాన్ని తిరిగిచ్చేస్తాడు. తెలియకపోతే పేర్లు మళ్ళీ ఎక్కించుకొస్తాడు. రెండూ గురువమ్మకి భయమే.

మధ్యాహ్నం కార్తీక్ విసురుగా వచ్చాడు. "పాడవలేదంట! నువ్వే ఫోన్ సేసి మా పేర్లు తీసీమన్నావంట. మేవంత పరాయోళ్ళమైపోనామేటమ్మా?"

"ఇదివరకు గుమ్మంలోనే 'అమ్మా, నానొచ్చీసాను' అనీవోడివి. పక్కన కూకునీవోడివి. అది నీ పేరు సెప్పడం మొదలెట్టాక నువ్వు నోరిప్పడం మానీసావు. కొడుకొచ్చాడని తెలుత్తంది గానీ, నా దగ్గరికి కొడుకు రావట్లేదురా!"

కార్తీక్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమె చెయ్యి గాల్లో తడుముకుంటూ వచ్చి అతని ముఖం మీద ఆగింది. మాసిన గడ్డం, లోతుకి పోయిన బుగ్గలు.

"ఇంత సిక్కిపోనావేటి నాయినా?"

"ఆటోనగర్‌లో నాను పనిసేసీ షెడ్డు మూసీసారమ్మా. రోజూ పనికని సెప్పి ఊరికే తిరుగుతన్నాను. నోరిప్పితే నా గొంతులోనే సంగతి నువ్వు కనిపెట్టేత్తావని..."

గుమ్మంలో చంద్రిక పట్టీల చప్పుడు ఆగిపోయింది. నెమ్మదిగా వచ్చి అతని పక్కనే నేల మీద చతికిలబడింది.

"నాకైనా సెప్పలేదేటండీ," అంది చంద్రిక ఏడుస్తూ.

"కళ్ళజోడు ఉండనీరా, మాత్రలు సదువుకుంటాను," అంది గురువమ్మ అతని తల నిమురుతూ. "ఇప్పుడు సెప్పు. మొదట్నుంచీ సెప్పు."

కార్తీక్ చెప్పడం మొదలుపెట్టాడు. వణుకుతూ, ఆగుతూ, మళ్ళీ సాగుతూ ఆ గొంతు గురువమ్మ చీకటిలోకి దీపాలతో వస్తున్న ఓడలా కదిలి వచ్చింది.