ఊడ్చకూడని మూల

"స్వెన్యా! ఒకసారి ఇలా రా!"

కింది నుంచి కేక వినపడగానే స్వెన్యా చీపురు పక్కన పెట్టి పరిగెత్తింది.

స్టుట్‌గార్ట్‌లోని ఆ బిల్డింగులో వారానికొక ఇంటివాళ్లు మెట్లు, వాకిలి శుభ్రం చేయాలి. ఈ వారం స్వెన్యా వాళ్ల వంతు. కింది ఇంటి ఫిస్టరర్ గారు కళ్లద్దాలు పెట్టుకుని మరీ దుమ్ము వెతుకుతారు. ఆవిడ మెప్పు పొందాలని స్వెన్యా వాకిట్లోని పోస్టు డబ్బాల వెనక్కి కూడా బ్రష్ దూర్చింది. అక్కడున్న బూడిదరంగు బూజును గీకి మరీ తీసేసింది.

"ఇక్కడున్న గూడేది?" అన్నారు ఫిస్టరర్ గారు.

"బూజా? దులిపేశానండీ. ఎంత నీట్‌గా ఉందో చూడండి!"

ఆవిడ ముఖం పాలిపోయింది. "అది బూజు కాదే పిల్లా, చిమ్మట గూడు! వీపు మీద నాలుగు పసుపు కుచ్చులున్న గొంగళిపురుగు అల్లుకుంది. రోజూ చూసుకుంటున్నాను. పొద్దున్నే చిమ్మట బయటికొచ్చింది కూడా!"

స్వెన్యాకు ఏడుపొచ్చినంత పనైంది. గబగబా చెత్తచేట తెచ్చింది. ఇద్దరూ న్యూస్‌పేపర్ పరిచి, చేటలోని చెత్త దానిమీద పోసి, ఆకులు, దుమ్ము మెల్లగా పక్కకు తీశారు. చివరికి గూడు దొరికింది. దాన్ని పట్టుకుని బొద్దుగా ఒక పురుగు కాళ్లు కదుపుతోంది.

"బతికే ఉంది! కానీ రెక్కలు లేవే! నేనే విరిచేశానా?"

"లేదులే, దాని పుట్టుకే అంత. వీటిలో ఆడవి ఎగరవు. మహారాణి గూడు దిగదు, వచ్చేవాళ్లే రావాలి."

గూడును మళ్లీ డబ్బాల వెనకే దారంతో కట్టారు. మధ్యాహ్నం ఎండలో మగ చిమ్మటలు వచ్చాయి. ఇటుకరంగు రెక్కలు, రెక్కకో తెల్లచుక్క. ఒకటి, రెండు, ఐదు!

"పెళ్లికొడుకులొచ్చారు!" స్వెన్యా చప్పట్లు కొట్టింది.

రెండు రోజులకు గూడు నిండా గుడ్లే.

"చలికాలమంతా ఇలాగే ఉంటాయి. వసంతంలో పిల్లలు బయటికొస్తాయి. తల్లి మాత్రం అప్పటిదాకా ఉండదు," అన్నారు ఫిస్టరర్ గారు. స్వెన్యాకు జాలేసింది.

తర్వాతి వారం పై అంతస్తు ఓజ్‌గెన్ గారి వంతు. ఆయన బ్రష్ డబ్బాల వెనక్కి వెళ్లబోతుంటే స్వెన్యా అడ్డంగా నిలబడింది.

"అక్కడ ఊడవకండి!"

"బాగుంది! ఊడవకపోతే ఫిస్టరర్ గారు ఊరుకుంటారా?"

"ఊడిస్తేనే ఊరుకోరండీ! ముందు ఇలా వంగి చూడండి," అంటూ స్వెన్యా ఆయన పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.