ఆరో కోత

2008 ఆగస్టు. గుంటూరులో పొద్దుటినుంచీ ముసురు. ఆసుపత్రి ల్యాబు కిటికీ మూసినా, మిరప యార్డు వైపు నుంచి వచ్చే ఘాటు, ముక్కలు నిలవుంచే ఫార్మలిన్ వాసనతో కలిసి గొంతులో గరగరలాడుతోంది. చీకటి పడుతున్నా డాక్టర్ ఆయేషా ఇంకా ఇంటికి వెళ్లలేదు.

బల్లమీద దానయ్య మాస్టారి స్లైడ్లు ఉన్నాయి. పర్చూరు మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. క్యాన్సరు వచ్చిన ఆయన ప్రోస్టేటు గ్రంథిని నాలుగు రోజుల క్రితం తీసేశారు. మొన్న మధ్యాహ్నం ఆయేషాయే దాన్ని వరసగా ఏడు కోతలు కోసి, ఆ ముక్కల్లోంచి స్లైడ్లు చేయించింది. స్లైడులో జబ్బు ఉన్న చోటూ, ఆపరేషనుకు ముందు తీసిన ఎమ్మారైలో మచ్చ ఉన్న చోటూ ఒకటేనా అని ఇప్పుడు సరిచూడాలి. తేడా వస్తే జబ్బు కొంత లోపలే మిగిలిపోయిందేమోనని భయం. పొద్దున్నే ఆయన కూతురు జెస్సీకి జవాబు చెప్పాలి.

ఫిల్మును లైటు పెట్టెకు తగిలించింది. మచ్చ సరిపోయింది. ఎడమ పక్కన, అంచుకు దూరంగా. అమ్మయ్య అనుకుంది.

అప్పుడు కనిపించాయి గీతలు.

పక్కనుంచి తీసిన బొమ్మలో, గ్రంథికి అడ్డంగా ఏడు సన్నటి గీతలు. మిషను లోపం అనుకుంది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. గీతకీ గీతకీ మధ్య నాలుగు మిల్లీమీటర్లు. తను కోసిన కొలతే. ఆరోది వంకర... మొన్న ఆరో కోత దగ్గర ఆమె చెయ్యి జారింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఫిల్ము మీద తేదీ చూసింది. ఆపరేషనుకు ఇరవై రోజుల ముందుది.

ల్యాబుకు తాళం వేసి, వరండా చివర మాస్టారు ఉన్న వార్డుకు నడిచింది. ఎందుకు వెళుతోందో ఆమెకే తెలీదు. మాస్టారు ఆమెను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. చూడగానే గుర్తుపట్టినట్టు తల తిప్పారు.

"కోసింది మీరేనా అమ్మా?" గొంతు తగ్గించి అడిగారు.

ఆయేషా మంచం కమ్మీ పట్టుకుంది.

"అయిదు దాకా ఓర్చుకున్నాను. ఆరోది పక్కకు పోయింది... అప్పుడే అరిచాను. సిస్టరు మత్తు సూది వేసింది."

"తప్పయింది మాస్టారూ."

"పర్లేదు. ఇంకా ఎన్నున్నాయి?"

"లేవండీ. మొన్ననే అయిపోయింది."

మాస్టారు పిడికిట్లో దుప్పటి బిగించారు. నుదుటి మీద చెమట పట్టింది.

"మరి... ఇప్పుడు కోస్తున్నదెవరమ్మా?"

వరండా ఆ చివర, తాళం వేసిన గదిలో, కత్తి, ముక్కలు కోసే పలకకు తగిలిన చప్పుడు. మెల్లగా. ఆగి... ఆగి.

ప్రతి చప్పుడుకీ మాస్టారి ఒళ్లు అదిరింది. తరవాత కాసేపు ఏమీ లేదు.

మళ్లీ వినిపించింది.

ఈసారి మాస్టారు కదల్లేదు. పక్క మంచం మీది మనిషి నిద్రలోనే పొత్తికడుపు పట్టుకుని మూలిగాడు.

అతని ఆపరేషను ఇంకా జరగలేదు.