వెనక వరస పిన్నులు

ఆవకాయ జాడీ పగిలిన చప్పుడుకు ఫిలోమినాకు ముందు భూకంపం గుర్తొచ్చింది, తరువాత గ్యాస్ సిలిండరు. బీరువా సంగతి ఆఖరున తట్టింది.

హాల్లోకి వచ్చి చూస్తే కొత్త చెక్క బీరువాలో పై అర వెనక్కి వాలిపోయి ఉంది. జాడీ లోపలే ముక్కలైంది. నూనె మెల్లగా కారుతోంది.

"చూశావా? అదే నీ తల మీద పడి ఉంటే?" అంది కూతురితో.

"నా తల బీరువాలో ఎందుకుంటుందమ్మా?" అంది సోఫియా, గుడ్డ తెస్తూ.

ఫిల్మ్ నగర్‌లో ఏదో సినిమా సెట్టు విప్పేస్తుంటే, అందులో జమీందారు గారి బీరువా చౌకగా ఇస్తున్నారని తెలిసి సోఫియా కొనేసింది. ఆమె పనిచేసే డబ్బింగ్ థియేటరు ఆ పక్క వీధిలోనే. చూడ్డానికి ఎంత అందమో. ఫిలోమినాకు మాత్రం మొదటి రోజు నుంచీ అనుమానమే. ఆమెకు లిఫ్టు మీద కూడా అనుమానమే.

బీరువా వెనక సుద్దముక్కతో రాసిన నంబరుకు సోఫియా ఫోన్ చేసి కడిగేసింది. సాయంత్రానికల్లా సన్నగా, పొడుగ్గా, చొక్కా నిండా రంగు మరకలతో ఒక అబ్బాయి వచ్చాడు. పేరు మైఖేల్. ఆర్ట్ డిపార్టుమెంటులో అసిస్టెంటు. ఇల్లు మోతీనగర్.

"ఇందుల పచ్చడి జాడీ ఎవలు పెట్టమన్నరు మేడమ్? ఇది కెమెరాకు చేసిన బీరువా."

"బీరువాలో జాడీ పెట్టక కెమెరా పెట్టుకుంటారా?" అంది సోఫియా.

"అర ఆగెటందుకు ముందట రెండు పిన్నులు పెట్టినం. ఎనకకు జిగురుతోని బద్ద అంటిచ్చినం. షాట్‌ల ఎనకది ఎవలికి కనవడ్తది?"

"ఎవరు చేశారా పని?"

మైఖేల్ తల గోక్కున్నాడు. "నేనే."

సోఫియా నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. ఫిలోమినా అది చూడనే చూసింది. అప్పటిదాకా బీరువా గురించే ఉన్న భయం అక్కడి నుంచి రెండు పాయలైంది.

తప్పు తనదే కాబట్టి బాగుచేసే పూచీ తనదన్నాడు. సెట్టులో వాడిన డ్రిల్లు బిట్టుతోనే వెనక వైపు కూడా రంధ్రాలు వేశాడు. ఆ తరువాత తెలిసింది, ఆ కొలతకు సరిపడే పిన్ను మామూలు దుకాణాల్లో ఉండదని. వేలి గోరంత ఇనుప ముక్క. చిన్న రకం పెడితే వదులు, పెద్ద రకం దూరదు. ఆన్‌లైన్లో తెప్పించినవీ వదులే.

దాంతో ప్రతి శనివారం మైఖేల్ రావడం, ఏవో పిన్నులు పెట్టి చూడడం, పెదవి విరవడం. గిన్నెలు, పచ్చళ్ళు, ఆదివారం చర్చికి కట్టుకునే చీరలు అన్నీ డైనింగ్ టేబుల్ మీదే. తల్లీకూతుళ్ళు కంచాలు ఒళ్ళో పెట్టుకుని తిన్నారు.

ఒక శనివారం ఇద్దరూ కలిసి టోలిచౌకిలో వెతుకుతామని బయల్దేరారు.

"హెల్మెట్లు రెండున్నాయా బాబూ?"

"ఉన్నయ్ ఆంటీ."

"వర్షం వస్తే ఏ చెట్టు కిందా ఆగొద్దు. పిడుగులు."

"ఫ్లైఓవర్ కింద ఆగుతం. ఫికర్ చేయకుండ్రి."

"ఫ్లైఓవర్లు కూడా..." అంటూ ఉండగానే బండి కదిలిపోయింది.

వర్షం రానే వచ్చింది. ఫిలోమినా జపమాల పట్టుకుని బాల్కనీలో నిలబడింది. చీకటి పడుతుండగా ఇద్దరూ తడిసి ముద్దై, మిర్చి బజ్జీల పొట్లంతో దిగారు.

"పిన్నులేవి?"

"దొరకలేదమ్మా," అంది సోఫియా, జుట్టు పిండుకుంటూ.

"బజ్జీలు మాత్రం కరెక్ట్ సైజ్ దొరికినయ్ ఆంటీ," అన్నాడు మైఖేల్.

సోఫియా అతని వైపు చూసిన చూపు ఒక్క క్షణమే. తడిసిన తలతో జలుబు చేస్తుందని అరవబోయిన ఫిలోమినా, ఆ చూపు చూసి తువ్వాళ్ళు రెండు తెచ్చింది.

తరువాత తరువాత ఆ అబ్బాయికి ఆమె కూడా అలవాటు పడింది. వెళ్ళేముందు అడక్కుండానే వంటింట్లోకి వెళ్ళి గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసి "బందే ఉంది ఆంటీ" అని చెప్పేవాడు. ఆ మాట వింటే ఆమెకు ఆ రాత్రి నిద్ర పట్టేది. అయినా భయం పోలేదు. సినిమా వాళ్ళు, ఈ వారం ఇక్కడ, వచ్చే వారం ఎక్కడో. పిన్ను దొరికిన మర్నాడు మళ్ళీ వస్తాడా? రాకపోతే తన పిల్ల ఏమైపోతుంది?

అనుకున్నంతా అయింది. సోమవారం యూనిట్ రాజమండ్రి వెళ్తోందని, రెండు నెలల షెడ్యూలని మైఖేల్ ఫోన్ చేశాడు. శనివారం వచ్చి ఏదో ఒకటి చేసి పోతానన్నాడు.

"ఏదో ఒకటి అంటే?" అని ఫిలోమినా అడిగితే, సోఫియా "మేకులు కొడతాడేమో" అని గదిలోకి పోయింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు.

శనివారం మబ్బు పట్టింది. కూతురు గొడుగు పెట్టుకుందో లేదోనని ఫిలోమినా ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచింది. గొడుగు ఉంది. దాని మడతలో చిన్న ప్లాస్టిక్ ప్యాకెట్టు. పైన టోలిచౌకి దుకాణం చీటీ, వానకు అక్షరాలు కారిపోయి.

ఒక పిన్ను తీసి బీరువా రంధ్రంలో పెట్టింది. వదులు లేదు, బిగుతు లేదు. చక్కగా కూర్చుంది.

ఫిలోమినా కుర్చీలో కూలబడింది. నాకు అబద్ధం చెప్పింది, అనుకుంది మొదట. ఎదురుగా గిన్నెల గుట్ట కనిపించింది. ఇన్ని వారాలు కంచం ఒళ్ళో పెట్టుకుని తిన్నది దేనికోసమో అర్థమయ్యాక కోపం నిలవలేదు. పిన్ను బయటికి తీసి, ప్యాకెట్టు గుప్పిట్లో దాచుకుంది.

మైఖేల్ వచ్చి కూర్చోకుండా నిలబడే ఉన్నాడు.

"ఆంటీ, ఒక మాట చెప్పాలె. తిట్టినా సరే."

జేబులోంచి ఒక ప్యాకెట్టు తీసి టేబుల్ మీద, చీరల పక్కన పెట్టాడు. "మా మోతీనగర్‌లనే దొరికినయ్. మొదటి వారమే. పెట్టేస్తే మళ్ళ రానికి సాకు ఉండదని... కానీ ఇప్పుడు నేను పోతున్న. గా అర మీ మీద పడ్తదేమోనని నిద్ర పట్టలే."

సోఫియా నోరు తెరిచింది. "మొదటి వారమేనా? నన్ను వర్షంలో టోలిచౌకి అంతా తిప్పావు కదా."

"నువ్వు తిరిగినవ్ కదా."

"నేను నిజంగా వెతికాను."

"నిజంగానే వెతికింది బాబూ," అని ఫిలోమినా గుప్పిట తెరిచింది. "దొరికాక దాచింది."

మైఖేల్ ఆ ప్యాకెట్టును, సోఫియాను మార్చి మార్చి చూశాడు. సోఫియా మొహం చీరల కుప్ప వెనక దాచుకుంది.

"నేన్ దుకాణం బయట బజ్జీలు కొంటుంటే, నువ్ లోపల గిదా చేసింది?"

"మాట్లాడకు."

"సోఫియా. రెండు నెలలైనంక గూడ నేనొస్త. సాకు లేకున్నా."

చీరల వెనక నుంచి జవాబు చాలా చిన్నగా వచ్చింది. "రాకపోతే రాజమండ్రికి నేనే వస్తాను."

ఫిలోమినాకు కళ్ళు చెమర్చాయి. తుడుచుకుని, తన గుప్పిట్లోది మైఖేల్ చేతిలో పెట్టింది. "నీ ప్యాకెట్టు ఈ బీరువాకి వాడు. ఇది దాచుకో. రేపు మీ ఇద్దరి ఇంట్లో చేసే బీరువాకి పనికొస్తుంది."

మైఖేల్ దాన్ని చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు.

"మీ అమ్మగారి నంబరివ్వు."

"అమ్మా, ఏం మాట్లాడతావు?"

"బీరువా గురించే."

మైఖేల్ మోకాళ్ళ మీద కూర్చుని పిన్ను చేతిలోకి తీసుకున్నాడు. సోఫియా ఫోను వెలుగు పట్టింది. ఇద్దరి తలలూ బీరువాలోనే ఉన్నాయి. ఫిలోమినా జపమాల అందుకుంది.

"మొదట ఆ వెనక వరసవి పెట్టు నాయనా," అంది.