మంటకు అవతలి వైపు

మా అల్లుడికి నిప్పు పుట్టించే సామాన్లంటే పిచ్చి. కొండదారుల్లో నడకకు వెళ్లే మనిషి కాబట్టి అవసరమే, కాదనను. కానీ కొనడం వేరు, వాడి చూసుకోవడం వేరు. బడిలో పిల్లలకు చెప్పిన మాటే ఇతనికీ చెప్పాను. "కొత్త పెన్ను మూత పరీక్ష రోజున మొదటిసారి తీయకు బాబూ."

"ఇవన్నీ కంపెనీవాళ్లే పరీక్షించి పంపుతారు అత్తయ్యా," అని నవ్వేశాడు.

ఆ రోజు నన్నూ అమ్మాయినీ కూడా వెంటబెట్టుకుని వెళ్లాడు. దారి తేలిక. పైన నడిచేవాళ్లు ఆగడానికి కట్టిన రాతిగది ఉంది, అందులో పొయ్యి ఉంది, టీ కాచుకుని తిరిగొద్దామన్నాడు. గది కనబడుతుండగా మబ్బు దిగింది. మధ్యాహ్నమే చీకటైపోయింది. వాగు దాటుతూ అతను కాలు జారి నిలువునా మునిగాడు. పైకి లాగేసరికి పెదవులు నల్లబడ్డాయి. కొత్త బూట్లలో నీళ్లు చేరి, అడుగు వేసినప్పుడల్లా కీచుమని, ఆ వెంటే పచక్కుమని చప్పుడు.

గదికి తలుపే ఉంది, కిటికీ లేదు. లోపల పాత బూడిద వాసన. దానితోపాటు ఇంకొకటి... తడిసి ఆరని ఉన్ని కంబళి వాసన. మాలో ఎవరి దగ్గరా ఉన్ని లేదు. మూలన ఎండుపుల్లలు మాత్రం పేర్చి ఉన్నాయి.

అల్లుడి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అమ్మాయి అతని సంచి బోర్లించింది.

గ్యాసు లైటర్ నొక్కీ నొక్కీ బొటనవేలు నొప్పి పుట్టింది. చలికి గ్యాసు లేవదు, చంకలో పెట్టుకుని వెచ్చబరచాలి. అంత వ్యవధి ఎక్కడిది? ఛార్జింగ్ లైటర్‌లో ఛార్జింగ్ లేదు. గాలివానలోనూ వెలుగుతాయన్న అగ్గిపుల్లలు బాగానే ఉన్నాయి, వాటిని గీసే పట్టీయే అట్టపెట్టెతో సహా నానిపోయింది.

"అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని," అంది అమ్మాయి. నానిన అట్టపెట్టెను పక్కకు విసిరేసింది.

"ఎగతాళి... తర్వాత చేద్దువుగాని," అన్నాడతను.

ఇక మిగిలింది రవ్వలు రాల్చే లోహపు కడ్డీ. తడిసినా పనిచేస్తుందని దానికి పేరు. గీశాను. ఏమీ లేదు. మళ్లీ గీశాను. ఒళ్లు మండిపోయింది. అప్పుడు చూశాను, కడ్డీ మీద నల్లరంగు పూత చెక్కుచెదరలేదు. దాన్ని ముందు గీకేస్తేనే అసలు లోహం బయటపడుతుంది. ఇంట్లో ఒక్కసారి గీసి చూసుంటే ఆ రోజే తెలిసేది.

చాకు వీపుతో పూత గీకాను. పుల్లల్ని సన్నగా పీచులా చెక్కాను. మందుల డబ్బాలోని దూదికి వేజలీన్ పట్టించి కింద పెట్టాను. రవ్వ పడింది. దూది అంటుకుంది. పుల్లలు చిటపటలాడాయి.

అమ్మాయి భర్తను మంట దగ్గరికి జరిపింది.

"అమ్మా," అంది గుసగుసగా. "వేడి రావడం లేదే."

"ఇప్పుడేగా అంటుకుంది. ఓపిక పట్టు."

అమ్మాయి చెయ్యి మంటలో పెట్టింది. తీయలేదు. "చూడు..."

నేనూ పెట్టాను. మంట నా వేళ్ల సందుల్లోంచి పైకి లేస్తోంది. చల్లగా ఉంది.

అల్లుడి వణుకు ఆగిపోయింది. అది మంచిది కాదు. ఒంట్లో సత్తువ అయిపోతేనే వణుకు అలా ఆగుతుంది. కళ్లు మూతలు పడుతున్నాయి.

పొయ్యికి అవతల, ఎవరూ లేని చోట... ఆవిరి లేస్తోంది. మనిషి కూర్చున్నంత ఎత్తున. తడి ఉన్ని ఆరుతున్న వాసన గుప్పుమంది.

భయం వేయలేదంటే అబద్ధం. కానీ అంతకంటే విసుగే ఎక్కువైంది. ఎంత అవస్థపడి రాజేసిన నిప్పు అది. చలికాలం ఎండ పడే బల్ల కోసం పిల్లలు తోసుకుంటే మందలించే గొంతే నాలోంచి వచ్చింది.

"జరుగు," అన్నాను. "ముందు మా పిల్లవాడు. తర్వాత నీ వంతు."

నేల మీద బరువైన తడిగుడ్డ ఈడ్చిన చప్పుడు... మెల్లగా... గోడ వైపుకు.

సెగ ఒక్కసారిగా ముఖాన కొట్టింది. ఇద్దరం చేతులు లాక్కున్నాం.

అల్లుడు బతికాడు. వాన తగ్గగానే, అలవాటు చొప్పున నిప్పు మీద నీళ్లు పోసి ఆర్పి, కొండ దిగాం. వంతు ఇస్తానన్న మాట ఇంటికి వచ్చాక గాని గుర్తు రాలేదు.

అప్పటినుంచి మా స్టవ్ మీద పాలు ఒకపట్టాన కాగవు. "జరుగు," అంటాను. గుడ్డ ఈడ్చిన చప్పుడు. అప్పుడు కాగుతాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. విసుక్కుంటూనే అలవాటు పడ్డాను.

ఈరోజు పొద్దున అల్లుడు అవే బూట్లు వేసుకుని మళ్లీ కొండకు వెళ్లాడు. బయల్దేరే ముందు కడ్డీ గీసి నా ముందే రవ్వలు రాల్చాడు. "ఈసారి పాసయ్యానా అత్తయ్యా?" అన్నాడు. మధ్యాహ్నం నుంచి వాన. అమ్మాయి హాల్లో ఫోన్ చేస్తూనే ఉంది. మోగుతోందట, ఎత్తడం లేదట.

అమ్మాయికి కాస్త టీ ఇద్దామని నీళ్లు పెట్టాను. ఎంతకీ వేడెక్కవు.

"జరుగు," అన్నాను.

గుడ్డ ఈడ్చిన చప్పుడు వినిపించింది. నీళ్లు మాత్రం అలాగే చల్లగా ఉన్నాయి.

"జరగమన్నానా..."

స్టవ్‌కు అవతలి నుంచి ఇంకో చప్పుడు. కీచుమని... ఆ వెంటే పచక్కుమని.