వెనక్కి జరిపిన తారీకు

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బంద్ నాడు కూడా పని తప్పనివాళ్ళకు జనగామలో ఒక పద్ధతి ఉండేది. మనిషి లోపలికి పోతాడు. ఇంకొకరు బయటి నుంచి షట్టర్ దించి తాళం వేస్తారు. చూసేవాళ్ళకు అది మూసిన దుకాణమే. ఊరేగింపు దాటిపోయాక వచ్చి తాళం తీస్తారు. రాజలింగు సేటు పత్తి గోదాములోకి సందీప్ అలాగే పోయాడు.

సందీప్‌ది కంప్యూటర్లు బాగుచేసే పని. ఇంట్లో భార్య శ్రావ్యకు నెలలు నిండాయి. బస్సుల్లేవు, ఆటోల్లేవు. నొప్పులొస్తే తనే బండి మీద దవాఖానకు తీసుకుపోవాలి. గుమాస్తా చంద్రయ్యకు ఆ మాటే చెప్పాడు.

"అన్నా, ఫోన్ చేసిన మరుక్షణం తాళం తీయాలె."

"తీస్త తియ్యి. బిడ్డ పుట్టినంక దావత్ ఇయ్యకపోతే మాత్రం మళ్ళ ఏస్త," అని నవ్వి చంద్రయ్య షట్టర్ దించాడు.

సందీప్ చెప్పులు షట్టర్ పక్కనే విడిచి నడిచాడు. పట్టపగలే లోపల చీకటి. పత్తి బేళ్ళు పైకప్పు దాకా ఉన్నాయి. పచ్చి దూది వాసన, దాని కింద ఎలుకల మందు వాసన. మూలన అద్దాల గది. అందులో సేటు కొత్తగా కొన్న కంప్యూటర్.

చిక్కు చిన్నదే. గోదాము కెమెరాల పెట్టె పాతది. అందులోని బొమ్మలు బ్రౌజరులో కనబడాలంటే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి ఎక్కించాలి. దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతబడింది. కొత్త కంప్యూటరేమో ఆ ప్లగిన్‌ను గడప తొక్కనివ్వడం లేదు. సందీప్ వెతికి వెతికి పాత బ్రౌజరు ఎక్కించాడు. సెక్యూరిటీ మొత్తం తగ్గించాడు. అయినా గడువు తీరిపోయిందనే జవాబే. ఇలాంటి మొండిఘటాలకు మెకానిక్కుల దగ్గర ఒక ఉపాయం ఉంది. కంప్యూటర్ తారీకును వెనక్కి జరిపితే, గడువు ఇంకా ఉందని ప్లగిన్ నమ్ముతుంది. సందీప్ రెండేళ్ళు వెనక్కి, రెండు వేల తొమ్మిది డిసెంబరుకు జరిపాడు.

బొమ్మలు వచ్చాయి. తెర మీద నాలుగు గళ్ళు. గేటు, కాంటా, వెనక గోడ మామూలుగానే ఉన్నాయి. మూడో గడిలో షట్టర్ లోపలి వైపు కనబడుతోంది. అక్కడ ఒక మనిషి నేల మీద కూర్చుని, అరచేత్తో రేకును కొడుతున్నాడు. మెల్లగా... సత్తువ అయిపోయినవాడు కొట్టినట్టు.

సందీప్ తలుపు తీసి షట్టర్ వైపు చూశాడు. ఎవరూ లేరు. బయట దూరంగా డప్పులు మోగుతున్నాయి. పాత రికార్డింగు ఏదో తగిలిందనుకుని మళ్ళీ తెర ముందుకు వచ్చాడు.

ఆ మనిషి పక్కన నేల మీద చెప్పులు ఉన్నాయి. సందీప్ చెప్పులు.

ఫోన్ చేశాడు.

"అన్నా... లోపల ఇంకెవలన్న ఉన్నరా?"

"నువ్వొక్కనివే. ఏమైంది?"

"మూడో కెమెరల ఒకాయన ఉన్నడు. షట్టర్ కొడుతుండు."



"మూడో కెమెర ఎప్పుడో పీకేసినం తమ్మీ. ఏ తారీకు పెట్టినవ్?"

చెప్పాడు.

"హమాలీ కట్టయ్య," అన్నాడు చంద్రయ్య. "గప్పుడు గూడ బందే. నిన్ను పెట్టినట్టే లోపల పెట్టి తాళమేసిన. బచ్చన్నపేట తొవ్వల బండి మీదికెల్లి పడ్డ. వారం దినాలు సోయి లేకుంట దవాఖానల ఉన్న. లోపల మనిషున్నడని ఇంకెవలికీ తెల్వది. వచ్చి తీసేసరికి... తారీకు ముందుకు జరుపు. జల్ది. నేనస్తున్న."

సందీప్ తారీకు సరిచేశాడు. బొమ్మ పోలేదు.

మనిషి కొట్టడం ఆపాడు. లేచాడు. తల మెల్లగా ఇటు తిప్పాడు. ముఖం ఉండాల్సిన చోట దూది... నోట్లో కూడా దూదే.

షట్టర్ లేచిన చప్పుడైంది. తెర మీద వెలుగు పడింది. చంద్రయ్య లోపలికి వంగి ఆ మనిషి చెయ్యి పట్టుకున్నాడు. మనిషి చెప్పులు తొడుక్కున్నాడు. ఇద్దరూ బయటికి నడిచారు.

"అన్నా..." సందీప్ పరుగెత్తాడు. షట్టర్ దించే ఉంది. అవతల తాళం పడిన చప్పుడు. బండి కదిలిన చప్పుడు. చెప్పులు లేవు.

రేకును రెండు చేతులతో బాదాడు. ఊరేగింపు దగ్గరికొచ్చింది. డప్పుల్లో ఆ చప్పుడు కలిసిపోయింది. కరెంటు పోయింది. భూపాలపల్లిలో బొగ్గు గనులు ఆగిన నాటి నుంచి పోతే ఎప్పుడొస్తుందో తెలియదు. చంద్రయ్య ఫోన్ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. డప్పులు వచ్చి, దాటి, దూరమై, ఆగిపోయాయి. ఎవరూ రాలేదు.

చివరికి ఇంటికి చేశాడు.

"ఎవలు?" అంది శ్రావ్య, గుసగుసగా. "మా ఆయన ఫోన్ నీ దగ్గరెట్లున్నది?"

"శ్రావ్యా, నేనే. గోదాముల ఉన్న. తాళం..."

"ఆయన ఇంట్లనే ఉన్నడు. చంద్రయ్య అన్న దింపిపోయిండు." ఆమె ఊపిరి వినిపిస్తోంది. "వచ్చినకాంచి నీళ్ళు తాగుతనే ఉన్నడు. బిందె ఒడిసింది. గోలెం ఒడిసింది. ఇంకా దూప తీరలేదంటున్నడు..."

"శ్రావ్యా, బయటికి పో."

"ఎట్ల పోవాలె? తలుపుకు అడ్డం కూసున్నడు. నా కడుపు దిక్కే చూస్తున్నడు."