మూడు పీడకలలకూ ఒకే అంకె

అలల ఎత్తు కొలిచే ఇనప స్తంభానికి కట్టేసి ఉన్న యూసేబియో తుంబాకో శవం నోట్లోంచి ఇంకా ఉప్పునీళ్లు కారుతున్నాయి. తెల్లవారుజామున ఆటు వేళ కట్టారు. పోటు మోకాళ్ల నుంచి ముక్కుదాకా రావడానికి అయిదు గంటలు పట్టి ఉంటుంది. ఇప్పుడు నీరు మళ్లీ తీస్తోంది. ఆ స్తంభానికి కాపలాదారు ఆయనే. తలపైన యంత్రం పెట్టె పగిలి ఉంది.

పీతలు కొనే వ్యాపారి వేషంలో ఉన్న ఏజెంట్ ఇగ్నాసియా కిమీ వాచీ చూసుకుంది. పదకొండూ ముప్ఫై ఎనిమిది. పన్నెండుకి రేవులో, దీవి ఖాళీ చేయించే కాగితం మీద మంత్రి సంతకం. ఆ తర్వాత సైనికులు ఈ మడ దీవిలోని రెండు వందల పీతలవేట కుటుంబాల్ని తరిమేస్తారు. పక్కనున్న లోతైన కాలువ, జలాంతర్గాములు దాచుకోడానికి చోటు వెతుకుతున్న పరాయి ముఠా చేతికి పోతుంది.

ముఠా ఒక్క తూటా కాల్చలేదు. కంప్యూటర్ మోడల్‌లో ఒక అంకె మార్చింది. సముద్రం తక్కువగా పెరిగినా, మధ్యస్తంగా పెరిగినా, విపరీతంగా పెరిగినా పాతికేళ్లలో ఈ మడ అడవి మునిగిపోతుందని మోడల్ తేల్చేసింది.

వాచీలోని రేడియో గరగరలాడింది. ఆమె పై అధికారి, కల్నల్ బాల్డొమేరో యగ్వాల్. ఈ దీవి బురదలో పీతలు పట్టి ఎదిగినవాడు.

"ఇది మోడల్ నడిపే డాక్టర్ రెనాటా పని అమ్మాయ్. ప్రశ్నలేం వద్దు. కాల్చెయ్."

పట్టు చొక్కా, నల్లకళ్లద్దాలతో రెనాటా అప్పుడే స్తంభం పక్కన తన పడవ తాడు విప్పుతోంది. ఇగ్నాసియా జుట్టు పట్టి లాగి, శవం పక్కనే ఆమె తలను నీళ్లలోకి నొక్కింది. నలభై లెక్కపెట్టి లేపింది. మళ్లీ నొక్కింది.

"డాక్టరమ్మా, ఇంకో మునకా, మాటా?"

దగ్గుల మధ్య రెనాటా అంతా కక్కింది. రెండు దేశాల జీతం తీసుకుంటున్న మాట నిజమే. మోడల్ నడిపింది తనే. మూడు అంచనాలకూ పునాది ఈ స్తంభం కొలతలే. కానీ కొలతలు రాజధాని నుంచి సీలు వేసిన కవర్లో వచ్చాయి. అంకె తను మార్చలేదు.

కవరు పడవలోనే ఉంది. ఇగ్నాసియా కాగితాలు తిరగేసింది. ఏడాదిగా కొలుస్తున్నది యంత్రం, గంటగంటకీ. కానీ జనవరి, ఫిబ్రవరి పున్నముల తర్వాత అయిదేసి రోజులు ఖాళీ.

పీతలు బొరియలు వదిలి జత కోసం తిరిగే రోజులవి. అప్పుడు దీవి మనిషి ఎవడూ బురదలో కాలు పెట్టడు. యంత్రం రాకముందు తుంబాకో చేత్తో రాసిన కొలతల పుస్తకాల్లో ఆ వరసలు ఎప్పుడూ ఖాళీయే. యంత్రానికి ఆ పట్టింపేముంటుంది?

"ఈ ఖాళీలు నువ్వు పెట్టావా?"

"నేను కొండల్లో పుట్టాను. పీత నాకు పళ్లెంలోనే తెలుసు."

అంటే ఇవి యంత్రం అంకెలు కావు, రాజధానిలో కూర్చున్న దీవి మనిషి ఎవడో రాసినవి. దొంగ లెక్క రాస్తూ కూడా ఆ రోజుల్లో బురదలోకి దిగలేకపోయాడు వాడు.

ఇగ్నాసియా శవాన్ని విప్పి పడవలో పడుకోబెట్టింది. అదే తాడుతో రెనాటాను స్తంభానికి బిగించింది.

"నీరు మళ్లీ ముక్కుదాకా వచ్చేసరికి రాత్రవుతుంది. ఈలోపు గుర్తొస్తే వస్తాను."

పదకొండూ యాభై తొమ్మిది. రేవులో మంత్రి పెన్ను కోసం చెయ్యి చాపాడు. పడవ మైకు గర్జించింది.

"మంత్రిగారూ, కాగితం వదిలేయండి. పెన్ను అందిస్తున్న ఆ చెయ్యి పట్టుకోండి. తుంబాకోని కట్టిన చెయ్యి అదే. దొంగ లెక్క రాసిందీ అదే. మా కల్నల్ బాల్డొమేరో యగ్వాల్‌ది."